‘పడదు’ అన్న మాట వెనుక నూట పాతికేళ్లు

నాందేడ్ జిల్లాలో దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగిళ్లలో అలర్జీ కన్నా ‘పడదు’ అన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది. వంకాయ పిల్లాడికి పడదు, ఆ సూది పాపకు పడలేదు అంటారు. పడకపోతే కాస్త దురద, నాలుగు దద్దుర్లు, సాయంత్రానికి తగ్గిపోతాయిలే అన్న ధీమా ఆ మాటలోనే ఉంది. చాలాసార్లు ఆ ధీమా నిలుస్తుంది. నిలవని రోజున బిడ్డ ప్రాణం నిమిషాల మీద ఉంటుంది.

ఈ సంగతి వైద్యలోకానికి మొదట తెలిసింది పసివాళ్ల వల్లనే. 1890లలో కంఠసర్పికి మందు దొరికింది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తం నుంచి తీసిన సీరం అది. అదే దశకంలో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ కాల్మెట్ పాము విషానికీ ఇదే దారిలో విరుగుడు తయారుచేశాడు. వేలమంది పిల్లలు బతికారు. కానీ 1896లో బెర్లిన్‌లో ఒక వైద్యుని పసికొడుకు, ముందుజాగ్రత్తగా వేసిన కంఠసర్పి సీరంతోనే నిమిషాల్లో చనిపోయాడు. కాపాడాల్సిన మందే ఎందుకు చంపిందో అప్పుడెవరికీ అంతుబట్టలేదు.

జవాబు 1902లో మొదలైంది. పారిస్‌లో చార్లెస్ రిషే, పాల్ పోర్టియర్ కుక్కలకు సముద్రజీవి విషాన్ని ఎక్కించి చూశారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత చిన్న మోతాదుకే కుప్పకూలింది. ఆ స్థితికి వాళ్లు అనాఫిలాక్సిస్ అని పేరుపెట్టారు. 1913లో రిషేకు నోబెల్ వచ్చింది. వియన్నాలో పిల్లల వైద్యులు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, బేలా షిక్ సీరం పడని పిల్లలను మంచం పక్కన కూర్చుని గమనించి 1905లో పుస్తకం రాశారు. మరుసటి ఏడు పిర్కే ‘అలర్జీ’ అన్న మాటను పుట్టించాడు.

అనాఫిలాక్సిస్‌కు విరుగుడు అప్పటికే చేతికొచ్చింది. 1901 నాటికి జపాన్ శాస్త్రవేత్త జోకిచి తకామినే అడ్రినలిన్‌ను వేరుచేశాడు. జారిపోతున్న రక్తపోటును నిలబెట్టేదీ, బిగుసుకున్న ఊపిరిగొట్టాలను తెరిచేదీ, గొంతు వాపును దించేదీ ఈ ఒక్క మందే. 1937 తర్వాత దురద తగ్గించే యాంటీహిస్టమిన్లు, 1940ల చివర స్టెరాయిడ్లు వచ్చాయి. అవి ఉపశమనం ఇస్తాయి గానీ ఆగుతున్న ఊపిరిని ఆ క్షణంలో నిలబెట్టలేవు. అయినా మన ఆస్పత్రుల్లో చెయ్యి ముందుగా ఏవిల్ అనే యాంటీహిస్టమిన్ వైపు, స్టెరాయిడ్ వైపు పోయే అలవాటు ఇంకా వదల్లేదు. అడ్రినలిన్ అంటే గుండెకు ప్రమాదమన్న భయం దానికి ఒక కారణం.

నాందేడ్‌కు ఈ చరిత్ర పాము దారిన వచ్చింది. సోయాబీన్, పత్తి చేలల్లో వానాకాలమంతా పాము భయమే. నేల మీద పడుకున్న పిల్లలను రాత్రిపూట కట్లపాము కాటేస్తుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు మరణాలు ఏటా సగటున 58,000 అనీ, వాటిలో పావువంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలవనీ ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. ఈ జిల్లాలోనే ముఖేడ్‌కు చెందిన డాక్టర్ దిలీప్ పుండే పాముకాటు వైద్యంలో పేరుపడ్డవారు. 1988లో నాందేడ్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది.

పాము ఎవరిని కరిచినా ఎక్కించేది అంతే విషం. అందుకే పిల్లలకూ విరుగుడు పెద్దల మోతాదులోనే ఇస్తారు. ఆ విరుగుడు ఇప్పటికీ గుర్రం నుంచే వస్తుంది. అంటే 1896 నాటి గండం ఇంకా మనతోనే ఉంది. ముందుగా చర్మం కింద చుక్క వేసి చూసే ‘టెస్ట్ డోస్’ ఒకప్పుడు తప్పనిసరి. ఎవరికి పడదో అది చెప్పలేదని తేలాక జాతీయ మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి. 2011లో శ్రీలంకలో వెయ్యిమందికి పైగా రోగులపై జరిగిన పరీక్షలో, విరుగుడుకు ముందు కొద్దిపాటి అడ్రినలిన్ ఇస్తే మొదటి గంటలో తీవ్ర ప్రతిచర్యలు 43 శాతం తగ్గాయి. హైడ్రోకార్టిసోన్, ప్రోమెథజిన్ ఆ మేలు చేయలేదు.

ఆ గండం ఎలా కనిపిస్తుందో చూడండి. సెలైన్‌లో విరుగుడు ఎక్కుతోంది. పది నిమిషాలకు పిల్ల అరచేతులు గోక్కుంటుంది. చెవులు ఎర్రబడతాయి. పొడి దగ్గు, బొంగురు గొంతు, పిల్లికూతలు. కడుపునొప్పి అంటూ వాంతి చేసుకుంటుంది. మాటలురాని బిడ్డైతే ఏడ్చి ఏడ్చి హఠాత్తుగా మెత్తబడిపోతుంది. దద్దుర్లు లేకుండానూ ఇది రావచ్చు. రక్తపోటు పడిపోయేది పిల్లల్లో చివరికే, దానికోసం ఎదురుచూడకూడదు. విరుగుడు ఆపి, తొడ బయటివైపు కండలో అడ్రినలిన్ ఇవ్వాలి. ఒక మిల్లీలీటరు ఆంప్యూల్‌లో ఒక మిల్లీగ్రాము ఉంటుంది, ఇరవై కిలోల పిల్లకు అందులో 0.2 మిల్లీలీటరు చాలు. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, ఆయాసముంటే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. తేరుకున్నాక మళ్లీ విరుగుడు నెమ్మదిగా మొదలుపెట్టాలి, ఎందుకంటే విషం ఇంకా ఒంట్లోనే ఉంది. కొన్ని గంటల తర్వాత ప్రతిచర్య తిరగబెట్టవచ్చు గనుక కనిపెట్టుకుని ఉండాలి.

కందిరీగ కుట్టినా, పల్లీలు పడకపోయినా, యాంటీబయాటిక్ సూది వికటించినా మొదటి మందు అడ్రినలినే. 2024లో కేంద్రం, 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని జాతీయ కార్యాచరణ ప్రకటించింది. ఆ లక్ష్యం ఊరి ఆరోగ్య కేంద్రంలోని మందుల ట్రే దగ్గర తేలుతుంది. తల్లిదండ్రులారా, బిడ్డకు పడనిదేదో కాగితం మీద రాసి ప్రతి వైద్యునికీ చూపండి. టీకా వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. విరుగుడు మొదలుపెట్టే ముందు “అడ్రినలిన్ సిద్ధంగా ఉందా?” అని అడగండి. అడగడం మీ హక్కు.