ఉప్పు గీత పక్కన మరో గీత

చారు పొంగి గ్యాసుపొయ్యి మీద పడిందనుకోండి, నీలిమంట ఒక్క క్షణం పచ్చగా లేచి మళ్లీ సర్దుకుంటుంది. గుడ్డ పుచ్చుకుని తుడిచే హడావిడిలో దాన్నెవరు పట్టించుకుంటారు! ఆ పచ్చదనం చారులో వేసిన పసుపుది కాదు, ఉప్పుది. ఉప్పులో ఉన్న సోడియం మంటలో పడితే ఆ రంగుతోనే వెలుగుతుంది. ఏ పదార్థానికి ఆ పదార్థపు రంగుగీతలు ఉంటాయనీ, వెలుగును గాజుపట్టకంతో విడదీసి చూస్తే ఆ గీతలే పదార్థం పేరు చెబుతాయనీ 1859లో జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరు పండితులు తేల్చారు. అలా చూసే పరికరమే స్పెక్ట్రోస్కోపు.

దాని చరిత్రలో మన తెలుగునేలకు పెద్దపీటే వేశారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. అప్పటికి మా ఆదోని, ఎమ్మిగనూరు మద్రాసు రాజధానిలో బళ్లారి జిల్లా కింద ఉండేవి. మాకు పడమట జమఖండిలో జాన్ హెర్షెల్ అనే సైనికాధికారి, తూర్పున గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్, ఇంగ్లీషు మేజరు టెన్నంట్, ఇంకా ముందుకుపోతే బందరులో మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ దూరదర్శినులు బిగించుకుని కూర్చున్నారు. మాకు ఈశాన్యంగా, కృష్ణ దాటితే వచ్చే వనపర్తికి అదే నక్షత్రశాల నుంచి చింతామణి రఘునాథాచారి గారు వెళ్లారు. అంతకు ముందేడే ఒక చరతారను కనిపెట్టిన మనిషి. ఏం లాభం? సరిగ్గా వేళకి వనపర్తి మీద మబ్బులు కమ్మాయి. ఆ నాలుగైదు నిమిషాల కోసం ఎన్ని రోజుల ప్రయాణమో, ఎంత సరంజామానో! చదువుతుంటే నాకే ప్రాణం ఉసూరుమంది.

గుంటూరులో ఆకాశం దయతలచింది. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పగానే అంచున ఎర్రని జ్వాలలు కనిపించాయి. స్పెక్ట్రోస్కోపులో వాటి గీతలు ధగధగా మెరిశాయి. అవి మండుతున్న వాయువులనీ, వాటిలో హైడ్రోజన్ ఉందనీ తేలింది. అందరూ సంతోషించారు. జాన్సెన్‌కు మాత్రం మరో ఆలోచన తట్టింది. గీతలు ఇంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకుండా కూడా కనబడాలి కదా! మర్నాడు పొద్దున్నే, మామూలు ఎండలో పరికరం తిప్పి చూశాడు. కనిపించాయి.

అదెలాగంటారా? ఎమ్మిగనూరులో మగ్గాల వీధులు చూసినవారికి సులువుగా చెప్పవచ్చు. దారాలన్నీ ఒక చిలపగా ఉన్నప్పుడు వాటిలో తేడాపోగు కనబడదు. పడుగు వెడల్పుగా పరిస్తే అది అక్కడే, దాని చోట్లోనే పట్టుబడుతుంది. సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉన్నాయి. దాన్ని వెడల్పుగా పరిచేకొద్దీ గుప్పెడు పిండి పెరడంతా చల్లినట్టు పలచబడిపోతుంది. జ్వాల గీతది ఒక్కటే రంగు. ఎంత పరిచినా అది పలచబడదు, బొట్టులా నిలుస్తుంది.

ఆ గీతల్లో పసుపుపచ్చనిది ఒకటుంది. చాలామంది దాన్ని మన ఉప్పు గీతే అనుకున్నారు. అక్టోబరు 20న ఇంగ్లండులో లాక్యర్ కూడా, జాన్సెన్ సంగతి తెలియకుండానే, గ్రహణం లేకుండా జ్వాలల గీతలు చూశాడు. పచ్చగీతను సోడియం గీతల పక్కన పెట్టి కొలిస్తే కాస్త పక్కకు జరిగి ఉంది. సోడియంవి రెండు గీతలు, 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర. ఇది 587.6 దగ్గర. అంతే తేడా! ఆ తేడాలోంచే సూర్యుడి పేరు మీద 'హీలియం' పుట్టింది. హీలియంను గుంటూరులోనే కనుక్కున్నారని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి గుంటూరులో దొరికింది చూసే పద్ధతి. అది కొత్త పదార్థమని వాదించినవాడు లాక్యర్. ఇద్దరి ఉత్తరాలూ ప్యారిస్ అకాడమీలో ఒకే రోజు చదివారు. 1872లో ఫ్రెంచివారు ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించారు. లాక్యర్ మాట నమ్మనివారు నమ్మనేలేదు, 1895లో రామ్సే ఆ వాయువును భూమి మీద ఖనిజంలో పట్టి చూపించేదాకా.

సరే, ఇప్పుడీ పాతకథ ఎందుకంటే, మా అమ్మాయి ఇంజనీరింగు చదివేటప్పుడు ల్యాబులో స్పెక్ట్రమ్ ఎనలైజర్ అనే యంత్రం ఉండేది. వెలుగుకు బదులు రేడియో తరంగాలను విడదీసి చూపుతుంది. రేడియో రోజులు గుర్తున్నవారికి ఇదేం కొత్త కాదు. సూదిని 738 దగ్గర పెడితే హైదరాబాదు, 900కి తిప్పితే కడప, మధ్యలో ఎక్కడో చేయి జారితే ధార్వాడ కన్నడం. అలా మనం ముల్లు తిప్పుతూ వినేదాన్నే యంత్రం చకచకా తిప్పి, ఎక్కడ ఎంత గట్టిగా మోగుతోందో తెరమీద గీతలుగా గీస్తుంది.

దాన్ని వాడటంలో మెలకువలు జాన్సెన్, లాక్యర్‌లవే. చూసే కిటికీని సన్నం చేస్తే రొద తగ్గి బలహీనమైన స్టేషను పైకి తేలుతుంది. కాని అప్పుడు యంత్రం నింపాదిగా నడవాలి, తొందరపెడితే కొలత తప్పుతుంది. గట్టి సంకేతం ఒక్కసారిగా లోపలికి వస్తే యంత్రం తడబడి లేని గీతలు కూడా చూపిస్తుంది. వచ్చేదాన్ని కొంచెం తగ్గించి చూడాలి. నిజం గీత లెక్కప్రకారం తగ్గుతుంది, దొంగ గీత అంతకు మించి పడిపోతుంది. తెలియనిదాన్ని ఎప్పుడూ తెలిసినదాని పక్కన పెట్టి కొలవాలి.

ఇవన్నీ మా అమ్మాయి ఎలా నేర్చుకుందనుకున్నారు? ఆ ల్యాబులో ఆడపిల్లలను "ఖరీదైన వస్తువమ్మా, దూరంగా నిలబడి చూడండి" అనేవారట. మగపిల్లలు ముళ్లు తిప్పేవారు, వీళ్లు నోటుపుస్తకంలో రాసుకునేవారు. 1980 ఫిబ్రవరి 16న గ్రహణం పట్టినప్పుడు మా అవ్వ "యాడికీ పోవద్దండే, లోపలే కూచోండి" అని తలుపులు బిగించింది. అవ్వది భయం, పాపం. చదువుకున్నవాళ్లకేం భయం? చివరికి నలుగురు ఆడపిల్లలు కలిసి అర్జీ రాసి, సాయంత్రం గంటసేపు యంత్రం తమకు విడిగా ఇప్పించుకున్నారు. మొదటిరోజు వాళ్లు తెరమీద చూసింది ఏమిటంటే, ఊళ్లోని ఎఫ్.ఎం. స్టేషను.

మీ అమ్మాయి కూడా అలాంటి చదువే చదువుతుంటే, మార్కులు అడిగేముందు ఒక మాట అడగండి: "ముల్లు తిప్పింది నువ్వేనా?"