అలీపూర్ తోటలో వాన లిల్లీల సంకరం

తొలకరి జల్లు పడిన కొద్దిరోజులకే నేలలోని దుంపనుంచి కాడకొక పువ్వును నిలిపే వాన లిల్లీ, భారతీయ ఉద్యానాలలో ఎంతగా ఇమిడిపోయినా, పుట్టుకచేత అమెరికా ఖండాలకు చెందినది. లిన్నేయస్ 1753లో అమరిల్లిస్‌గా వర్ణించిన వర్జీనియా మొక్కను, దాని బంధువులను విలియం హెర్బర్ట్ 1821లో విడదీసి జెఫిరాంథెస్ అనే ప్రజాతిగా, అనగా దగ్గరి పోలికలున్న జాతుల సమూహంగా, ఏర్పరచాడు. పొడవైన గొట్టంతో రాత్రివేళ విచ్చుకునే టెక్సస్ పూలకు ఆయనే 1836లో కూపీరియా అని పేరిచ్చాడు. నేటి శాస్త్రజ్ఞులలో అధికులు ఈ రెండింటినీ తిరిగి ఒకటిగా చేశారు.

ఆ నిర్ణయానికి చాలాముందే వాటి దగ్గరితనాన్ని చేతలలో చూపినది కలకత్తా. విలియం కేరీ 1820లో స్థాపించిన అగ్రి-హార్టికల్చరల్ సొసైటీకి కార్యదర్శిగా ఉన్న సిడ్నీ పెర్సీ-లాంకాస్టర్, ఆ నగరంలోని అలీపూర్ తోటలో ఈ రెండు ప్రజాతులను సంకరపరచి కూపెరాంథెస్ అనే కొత్త వర్గాన్ని సాధించాడు. ఇది కనిపించినంత సులువైన పని కాదు. పువ్వు విచ్చకముందే కేసరాలను తుంచి, మరొక మొక్క పుప్పొడిని కీలాగ్రానికి అద్దినా, కొన్ని జాతులలో అసంయోగ జననం, అనగా అండం ఫలదీకరణ చెందకుండానే విత్తనం ఏర్పడడం, అడ్డువస్తుంది. అటువంటి విత్తనాలనుంచి తల్లికి నకళ్లే మొలుస్తాయి కనుక, ఆ జాతులు పుప్పొడి ఇచ్చే పక్షానే ఎక్కువగా ఉపయోగపడతాయి. గులాబిరంగు పూల కారినాటా అనే జాతి సాధారణంగా విత్తనమే కట్టదు; అది తోటనుంచి తోటకు పిల్లదుంపల ద్వారానే వ్యాపించింది.