పాలసీ: ఒకే పలుకు, రెండు పుట్టుకలు

ప్రభుత్వ విధానాన్నీ బీమా పత్రాన్నీ తెలుగువారు ఒకే ‘పాలసీ’ మాటతో పిలుస్తున్నా, ఇంగ్లీషులోనే ఈ రెండింటి పుట్టుకలు వేరు. మొదటిది పౌర పాలనను తెలిపే గ్రీకు ‘పొలితేయా’ నుంచి రాగా, రెండవది నిరూపణ అనే అర్థం గల ‘అపోదేయిక్సిస్’ నుంచి మధ్యయుగ లాటిన్, ఇటాలియన్ ‘పొలిజ్జా’, ఫ్రెంచి రూపాల మీదుగా వచ్చింది. అంటే బీమా పాలసీ మూలార్థంలో రుజువు పత్రమే. చిన్న బీమా ఏజెన్సీ తన ఖాతాదారుల కోసం నెలనెలా వ్యాసాలు, కరపత్రాలు, వాట్సాప్ సందేశాలు సిద్ధం చేసేటప్పుడు ఈ మూలార్థాన్నే పట్టుకోవాలి. బీమా పత్రంలో ఏది వర్తిస్తుందో, ‘మినహాయింపులు’ అనే శీర్షిక కింద ఏది వర్తించదో, క్లెయిముకు, అనగా పరిహారం కోరడానికి, ఏ కాగితాలు కావాలో పొగడ్తల కంటే ముందే చెప్పాలి. హైదరాబాదు కేంద్రంగా ఉన్న బీమా నియంత్రణ సంస్థ 2024 నిబంధనల ప్రకారం, కాలపరిమితి ఏడాదికి తక్కువ కాని కొత్త జీవిత, ఆరోగ్య బీమా పాలసీని చేతికందిన 30 రోజులలోపు చదివి, నచ్చకపోతే తిప్పి పంపవచ్చని కూడా వారికి గుర్తుచేయాలి.