ముక్కలు అవే, పందెం మారింది

ఇళ్లలో నలుగురు చేరి ఆడుకునే పేకాటల చరిత్ర తరచి చూస్తే, తరతరానికీ మారుతూ వచ్చింది ముక్కల కంటే పందెం కాసే పద్ధతేనని తెలుస్తుంది. 1751లో ఎడ్మండ్ హోయిల్ ఇంగ్లండులో బ్రాగ్ ఆట మీద చిన్న పుస్తకం వెలువరించాడు. తర్వాతి కాలంలో మూడు ముక్కలతో స్థిరపడిన ఆ ఆటలో, చేతిలో ఏముందో చూడకుండా పందెం కాసేవాడు, చూసినవాడు వేసేదాంట్లో సగం వేస్తే చాలు. తెగువకు రాయితీ ఇచ్చిన ఈ నియమం, నా దృష్టిలో, పేకాటలన్నిటిలోకీ గొప్ప ఊహ. మన మూడు ముక్కలాట ఆ వంశానిదే. బోర్లించిన ముక్కల మీద అరచెయ్యి ఆనించి ఒకడు ‘బ్లైండ్’ అంటూ రూపాయి వేస్తాడు. తన ముక్కలు చూసేసుకున్న పక్కవాడికి ఆటలో నిలవాలంటే రెండు రూపాయలు. పందేలు సమం కావడమన్నది అక్కడ లేదు. ఇద్దరే మిగిలి, ఒకరు ‘షో’ అడిగేదాకా కుప్ప పెరుగుతూనే ఉంటుంది.

అట్లాంటిక్ అవతల 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో, న్యూ ఆర్లియన్స్ పరిసరాల్లో, మిసిసిపీ ఆవిరి పడవల మీద పోకర్ ఎదిగింది. 1843లో జొనాథన్ గ్రీన్ వర్ణించిన ఆటకు 20 ముక్కలే, నలుగురికీ తలా ఐదు. 52 ముక్కల కట్ట వచ్చి, ముక్కలు మార్చుకునే వీలు కలిగాక రెండో విడత పందెం చేరింది. అందరి పందేలూ సమమైతేనే ఆ విడత ముగిసేది. 1870ల నాటికి మరో మలుపు: కనీసం జాకీల జత లేనివాడు పందెం తెరవకూడదు. ఎవరికీ లేకపోతే అందరూ మళ్లీ డబ్బు కలిపి కొత్తగా పంచుకోవాలి. అలా పేరుకున్న సొమ్మే జాక్‌పాట్. లాటరీ తగిలినవాణ్ణి చూసి మనమనే మాట అక్కడిదే.

20వ శతాబ్దంలో అమెరికా ఇళ్లలో పంచేవాడే ఆట ఎంచుకునే ఆనవాయితీ బలపడింది. ‘గట్స్’లో ప్రతివాడూ గుప్పిట మూసి బల్ల మీదికి చాస్తాడు. ఒక్కసారే అందరూ తెరుస్తారు. గుప్పిట్లో పందెం బిళ్ల ఉన్నవాడు ఆటలో ఉన్నట్టు. ఉండి ఓడినవాడు కుప్పకు సరిసమానంగా డబ్బు కట్టాలి. 1970లో లాస్ వేగాస్‌లో ప్రపంచ పోకర్ పోటీలు మొదలయ్యాక, కాలక్రమంలో హోల్డెమ్ అనే పోకర్ రకం ఒక్కటే వెలిగింది. వైవిధ్యాన్ని కాపాడింది మాత్రం ఇళ్లే.

ఇక మన దగ్గర, 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో రమ్మీకి నేర్పు కావాలనీ, మూడు ముక్కలాట కేవలం అదృష్టమనీ సుప్రీంకోర్టు తేల్చింది. ముక్కల వరకు అది నిజం. చింతపిక్కలే పందెంగా, ఎదుటివాడు ఎన్ని చుట్లు బ్లైండ్ ఆడతాడో కనిపెడుతూ కూర్చున్నవాళ్లకు, ఆట ముక్కల దగ్గర ఆగదని తెలుసు.