అనంతపురం బావినీళ్లు: ఉప్పు, సున్నం, ఫ్లోరైడ్

అనంతపురం పీఠభూమిలో భూగర్భజలం రుచి ఊరికో రకం. కొన్నిచోట్ల పొలం గెనిమ దాటితే చాలు, మంచినీళ్లు ఉప్పునీళ్లవుతాయి. సముద్రం ఆమడల దూరంలో ఉంది. ఈ ఉప్పు రాతిలోంచి వచ్చింది, ఎండకు చిక్కబడింది.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేల కింద ఎక్కువగా గ్రానైటు, నైస్ శిలలున్నాయి. నీరు నిలిచేది వాటి పైనున్న శిథిల పొరలో, అడుగున ఉన్న పగుళ్లలో. రాతి ఖనిజాలు కొద్దికొద్దిగా ఆ నీటిలో కరుగుతాయి. వానలు దండిగా ఉంటే ఆ లవణం కొట్టుకుపోయేదే. ఇక్కడ నీరు ఆవిరైపోయి లవణం మిగులుతుంది. బోరుతో తోడి పారించిన నీళ్లు మళ్లీ ఇంకుతూ ఆ ఉప్పునూ, ఎరువుల నైట్రేటునూ కిందికి దింపుతాయి.

ఉప్పదనాన్ని నాలుకే పట్టేస్తుంది. సున్నం (కాల్షియం) తెచ్చే కాఠిన్యాన్ని వంటింట్లో ఉడకని కందిపప్పు, నురగ రాని సబ్బు చెబుతాయి. పొలంలో డ్రిప్పు రంధ్రాలు పూడుకుపోతాయి, చీనీ (బత్తాయి) ఆకుల అంచులు మాడతాయి, నేల చౌడుబారుతుంది.

ఫ్లోరైడ్‌కు మాత్రం రుచీ రంగూ లేవు. పైగా దాని పద్ధతి వేరు. బైకార్బొనేటు ఎక్కువైన నీటిలో కాల్షియం సున్నపు గడ్డలుగా పేరుకుంటుంది. నీటిలో కాల్షియం తగ్గేకొద్దీ ఫ్లోరైడ్ మరింతగా కరుగుతుంది. అంటే పప్పు చక్కగా ఉడికించే మెత్తని నీళ్లే పిల్లల పళ్లకు గార పట్టించవచ్చు, పెద్దల ఎముకలు బిగుసుకుపోయేలా చేయవచ్చు. తాగునీటిలో దీనికి భారత ప్రమాణాల గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బు మొదట వెలుగుచూసింది కూడా తెలుగు నేలమీదే, 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో.

1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఇక్కడి ఏడు వందలకు పైగా గ్రామాలకు నీరిచ్చింది. కొన్ని ఊళ్లకు బోర్లే ఆధారం కాగా, మరికొన్నింటికి జలాశయాల నుంచి గొట్టాలు వేశారు. 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరింది. కాలువ అందని చేలకు ఇప్పటికీ బోరే దిక్కు.

అలాంటి చోట నీటి పరీక్ష ఒక్కసారి చేయించి ఊరుకుంటే లాభం లేదు. వానకు బావి నీరు పలచబడుతుందనుకుంటాం. కొన్ని బావుల్లో తొలకరి తర్వాత ఉప్పు పెరుగుతుంది కూడా, ఎండాకాలమంతా పైపొరలో పేరుకున్నది తొలి నీటితోనే కిందికి దిగుతుంది కనుక.