ఎంత వేసుకోవాలి? థైరాయిడ్ మాత్ర పుట్టుపూర్వోత్తరాలు

మందుల షాపుకెళ్లి థైరాయిడ్ మాత్రలు కావాలంటే, కౌంటర్లో ఉన్నాయన ముందుగా అడిగేది "ఎంత పవర్?" అనే. 12.5, 25, 50, 62.5, 75, 88, 100, 112, 125, 137... జ్వరం బిళ్ల రెండు మూడు రకాలతో సరిపెట్టుకుంటే దీనికి ఇన్ని మెట్లు! 75కీ 88కీ మధ్య తేడా 13 మైక్రోగ్రాములు. గ్రాములో పది లక్షలవ వంతు ఒక మైక్రోగ్రాము. అంత చిన్న తేడాకు వేరే డబ్బా ఎందుకని అడిగితే, జవాబు కోసం 130 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. థైరాయిడ్ లోపానికి మందు తొందరగానే దొరికింది. ఎంత ఇవ్వాలో తేలడానికి మాత్రం ఆ తర్వాత ఎనభై ఏళ్లు పట్టింది.

1873లో లండన్ వైద్యుడు విలియమ్ గల్ నడివయసు ఆడవాళ్లలో ఒక వింత జబ్బును వర్ణించాడు. మొహం ఉబ్బుతుంది, చర్మం ఎండిపోతుంది, మాట నెమ్మదిస్తుంది, ఎండాకాలంలోనూ చలి వదలదు. అయిదేళ్ల తర్వాత విలియమ్ ఆర్డ్ దానికి మిక్సెడీమా అని పేరు పెట్టాడు. కారణం ఎవరికీ తెలియదు. అది బయటపడింది శస్త్రచికిత్సల వల్ల. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో థియోడర్ కోకర్ గొంతు వాపులకు ఆపరేషన్లు చేయడంలో మహా నేర్పరి. అక్కడి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేయించుకున్నవాళ్లు కొంతకాలానికి మందగించి, ఉబ్బిపోవడం చూసి ఆయన కలవరపడ్డాడు. ఆ సంగతిని దాచకుండా 1883లో నలుగురి ముందూ పెట్టాడు. 1909లో ఆయనకు నోబెల్ వచ్చింది. నాకు మాత్రం ఆపరేషన్ల కన్నా ఆ నిజాయితీయే పెద్దదనిపిస్తుంది. లోపించినది థైరాయిడ్ గ్రంథి పని అని వైద్యలోకం గుర్తుపట్టిందంటే, అందులో ఆయన ఒప్పుకోలుకు పెద్ద పాత్ర ఉంది.

లేనిదాన్ని తిరిగి ఇవ్వడమెలా? 1890లో లిస్బన్‌లో ఇద్దరు వైద్యులు గొర్రె థైరాయిడ్‌ను ఒక రోగి చర్మం కింద పెట్టి కుట్టారు. మర్నాటికే ఆమెలో మార్పు కనిపించింది. అతికించిన ముక్కకు రక్తనాళాలు పట్టడానికి ఒక్క రోజు చాలదు. అంటే పనిచేసింది గ్రంథి కాదు, అందులోంచి ఊరిన రసం. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ మరే అనే పాతికేళ్ల డాక్టరు ఈ తర్కాన్నే అందుకున్నాడు. రసమే చాలినప్పుడు సూదితో ఎక్కిస్తే పోలేదా?

1891లో ఆయన చికిత్స మొదలుపెట్టిన రోగి 46 ఏళ్ల స్త్రీ. అప్పుడే కోసిన గొర్రె గ్రంథులను ముక్కలు చేసి, గ్లిసరిన్‌లోనూ కార్బాలిక్ ఆసిడ్ కలిపిన నీటిలోనూ నానబెట్టి, గుడ్డలో వేసి పిండి, ఆ రసాన్ని చర్మం కింద ఎక్కించాడు. మొహం వాపు తగ్గింది, మాట చురుకైంది, చెమట పట్టడం మళ్లీ మొదలైంది. ఆమె ఆ తర్వాత 28 ఏళ్లు బతికి, 74వ ఏట, 1919లో కన్నుమూసింది. ఇన్నేళ్లలో ఆమె వాడిన మందుకు 870కి పైగా గొర్రెల గ్రంథులు పట్టాయని మరే లెక్క రాసిపెట్టాడు. నేడు రోజుకు 100 మైక్రోగ్రాములు వేసుకునే మనిషికి అదే 28 ఏళ్లకు కావలసిన అసలు మందు ఒక గ్రాముకు కాస్త పైన, అంతే.

సూదుల బాధ ఎక్కువ కాలం లేదు. 1892లోనే నోటి ద్వారా ఇచ్చినా పనిచేస్తుందని తేలింది. ప్లిమత్ డాక్టరు ఫాక్స్ తన రోగికి రాసిన చీటీ వంటల పుస్తకంలోది అనిపిస్తుంది: వారానికోసారి అర గొర్రె థైరాయిడ్, సన్నగా తరిగి, పైపైన వేయించి, పండ్ల జెల్లీతో తినాలి. ఏ గొర్రెలో ఎంత మందు ఉందో ఎవరికి తెలుసు? ఎక్కువైతే గుండె దడ, వణుకు, నిద్ర లేకపోవడం. తక్కువైతే పాత జబ్బే. తర్వాత గ్రంథిని ఎండబెట్టి పొడి చేసి, గ్రెయిన్లనే పాత తూకం లెక్కన మాత్రలు కట్టారు. మోతాదుకు ఒక రూపం వచ్చింది కానీ నిక్కచ్చితనం రాలేదు. పొడిలో అయొడిన్ ఎంతుందో కొలిచేవారు. ఆ అయొడిన్‌లో హార్మోన్‌గా పనిచేసే భాగమెంతో ఆ కొలత చెప్పదు.

1914 క్రిస్మస్ నాడు అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ అసలు హార్మోన్‌ను స్ఫటికాలుగా విడదీశాడు. అదే థైరాక్సిన్. సుమారు 3 టన్నుల పంది గ్రంథుల నుంచి ఆయనకు దక్కింది 33 గ్రాములు. 1927లో బ్రిటన్ శాస్త్రవేత్తలు హారింగ్టన్, బార్జర్ దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. శరీరంలో బాగా ఇంకే సోడియం ఉప్పు రూపంలో, అంటే నేటి లీవోథైరాక్సిన్‌గా, అది మాత్రల్లోకి వచ్చేసరికి శతాబ్దం సగమైంది.

మరి అన్నాళ్లూ మోతాదు సరిపోయిందని ఎలా తెలుసుకున్నారు? రోగిని తెల్లవారుజామున పరగడుపున పడుకోబెట్టి, ముక్కు మూసి, నోటికి గొట్టం పెట్టి, ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నాడో చూసేవారు; హార్మోన్ తక్కువైతే ఆ వాడకం తగ్గుతుంది. భయపడినా, కదిలినా, రాత్రి నిద్రపట్టకపోయినా లెక్క తప్పుతుంది. దాంతో చాలామంది డాక్టర్లు రోగి మొహం చూసి, నాడి పట్టి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగి మోతాదు పెంచుకుంటూ పోయారు. రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాముల దాకా ఇవ్వడం ఆ కాలంలో మామూలే.

ఆ అలవాటును మార్చింది టీఎస్‌హెచ్ పరీక్ష. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా వదులుతుంది, ఎక్కువైతే ఆపేస్తుంది. హార్మోన్ కొంచెం అటూ ఇటూ అయినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు మారుతుంది. 1960లలో దీన్ని రక్తంలో కొలిచే పద్ధతి వచ్చాక, చాలామందికి కావలసినదానికన్నా ఎక్కువ మందు పడుతోందని అర్థమైంది. మోతాదులు సగానికి దిగివచ్చాయి. 13 మైక్రోగ్రాముల తేడాకు విలువ వచ్చింది కూడా ఈ పరీక్ష వల్లనే. ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి సాగితే గుండె లయ తప్పవచ్చు, ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎముకలు పలచబడవచ్చు.

ఇక టీ3 సంగతి. ఈ రెండో హార్మోన్‌ను 1952లో కనిపెట్టారు. థైరాయిడ్ గ్రంథి లేనివాళ్లలోనూ శరీరం టీ4 (అంటే థైరాక్సిన్) నుంచి టీ3ని తయారు చేసుకుంటుందని 1970లో బ్రేవర్‌మన్ బృందం చూపించింది. దాంతో టీ4 మాత్ర ఒక్కటే చాలన్న పద్ధతి స్థిరపడింది. 1999లో ఒక చిన్న అధ్యయనం రెండూ కలిపి ఇస్తే రోగుల మనసు తేలికపడిందని చెప్పింది. తర్వాతి పరీక్షల్లో చాలావాటిలో ఆ లాభం కనిపించలేదు. అయినా టీఎస్‌హెచ్ సరిగ్గా ఉండీ నీరసం తగ్గనివాళ్లు కొందరున్నారు. వాళ్లను "రిపోర్టు నార్మల్, నీదంతా భ్రమ" అని పంపేయడం అన్యాయం. రక్తహీనత, నిద్ర, విటమిన్ బీ12 వంటివి ముందు చూడాలి.

నేటి లెక్క ఇది. గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు. వయసు మళ్లినవారికి, గుండె జబ్బున్నవారికి 12.5తోనో 25తోనో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఒకసారి వేసిన మందు సగానికి తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి, మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ రక్తపరీక్ష నిజం చెప్పదు. పది రోజులకే పరీక్ష చేయించి మళ్లీ మార్చడం డబ్బు దండగ, ఒంటికి కష్టం.

హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 11 శాతం పెద్దవాళ్లలో హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ లోపం, కనిపించింది. అంటే మన ప్రతి వీధిలోనూ ఈ డబ్బా ఉంది. ఎంతో కష్టపడి తేల్చిన ఆ మోతాదును పాడుచేసేవి మన ఇంట్లోనే ఉంటాయి. మాత్ర వెంటనే కాఫీ తాగితే మందు సరిగ్గా ఇంకదు, అర గంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. రిపోర్టు బాగా వచ్చిందని మాత్ర మానేయకండి, అది బాగా వచ్చింది మాత్ర వల్లనే. ఈ మాత్ర వాడే అమ్మాయికి నెల తప్పిందని తెలిస్తే, తొలి స్కానింగ్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయించండి. గర్భంతో ఉన్నప్పుడు మోతాదు పెంచాల్సి వస్తుంది, అదీ మొదటి వారాల్లోనే.