ఛాంపియన్ స్టేషన్ కింద అదిరిన నేల

మేము రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైనవాళ్ళం. బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడింది తెలుగు. రాతలో తప్పులుంటే మన్నించండి.

కోలారు బంగారు గనుల కోసం బంగారుపేట నుంచి మారికుప్పానికి 1894లో రైలు మార్గం వేశారు. ఆ దారిలో కోరమాండల్, ఛాంపియన్, ఊరిగాం స్టేషన్లు వస్తాయి. టికెట్ల మీద ఆ పేర్లు ఎన్నిసార్లో చూశాము. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు, సేలం వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు, తమిళులు ఎందరో ఆ గనుల్లో దిగి పని చేశారు.

అక్కడ అందరూ భయపడింది రాయి పేలడానికి. దాన్ని 'ఏర్ బ్లాస్టు' అనేవారు. బంగారపు రాయిని తవ్వి తీస్తే ఖాళీ మిగులుతుంది. పైనున్న కొండంత బరువు ఆ ఖాళీ చుట్టూ ఉన్న రాతి మీద పడుతుంది. మెత్తటి రాయి అయితే మెల్లగా నలుగుతుంది. అక్కడిది గట్టి రాయి. ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని ఒక్కసారిగా పేలుతుంది. పెద్దది పేలితే పైన ఊళ్ళో ఇళ్ళు కూడా అదిరి బీటలిచ్చేవి. మైసూరు సంస్థానపు భూగర్భ శాస్త్రజ్ఞుడు స్మీత్ 1904లోనే దీని మీద నివేదిక రాశాడు.

ముందే కనిపెట్టడమంటే రెండు ప్రశ్నలు: ఎక్కడ? ఎప్పుడు?

'ఎక్కడ' అన్నదానికి కొంత జవాబు దొరికింది. చుట్టూ తవ్వేసి మధ్యలో వదిలిన రాతి స్తంభాల దగ్గర, రాతి పొరలు విరిగిన చోట, అడ్డురాయి చొరబడిన చోట ప్రమాదం ఎక్కువ. అందుకే తవ్వే వరుస మార్చారు. ఖాళీల్లో మొదట కొయ్య దూలాలు పెట్టేవారు. తర్వాత నల్లరాతి కట్టడం, ఆ తర్వాత కాంక్రీటు వచ్చాయి. 1970ల చివర్లో భాభా అణు పరిశోధన కేంద్రం సాయంతో నేల మీదా, గని లోపలా అదురును పట్టే పరికరాలు అమర్చారు. ఒకే అదురు ఒక్కో పరికరానికి ఒక్కో క్షణంలో చేరుతుంది. ఆ తేడాను లెక్కగడితే అది పుట్టిన చోటు తెలుస్తుంది. చిన్న అదుర్లు ఒకే చోట పెరుగుతుంటే అక్కడ జాగ్రత్తపడవచ్చు. 1988లో జాతీయ శిలా యాంత్రిక సంస్థ పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే.

'ఎప్పుడు' అన్నదానికి గంట, నిమిషం కచ్చితంగా చెప్పగల పరికరం ఈనాటికీ లేదు. రైలు వేళలతో బతికిన మాకు ఇది మింగుడుపడని సంగతి. వేళ తెలియనప్పుడు మనిషిని కాపాడే దారి ఒక్కటే: ప్రమాదమని తెలిసిన చోటికి మనిషిని పంపకపోవడం, పంపక తప్పకపోతే ముందు గట్టి ఆధారం కట్టడం. దానికి ఖర్చవుతుంది, పని ఆలస్యమవుతుంది. ఆ ఖర్చుకు వెనకాడిన చోట ఎంత మంచి పరికరం ఉన్నా లాభం లేదు.

2001లో గనులు మూతపడ్డాయి. లోపల నీళ్ళు నిండాక కూడా అదుర్లు ఆగలేదు.

మన సంఘం కుటుంబాల్లో గని దిగిన తాతలు ఉండే ఉంటారు. రాయి ఎలా చిటపటలాడేదో, ఏ శబ్దం వింటే వెనక్కి పరిగెత్తేవారో వాళ్ళు ఇంట్లో చెప్పే ఉంటారు. గుర్తున్నవాళ్ళు దయచేసి ఇక్కడ రాయండి. పరికరాలు రాకముందు చెవులే పరికరాలు. ఆ చెవులు విన్నది ఏ ఆఫీసు రికార్డులోనూ దొరకదు.